లెస్ పాల్ కొంటానంటున్న మేనకోడలికి

బుజ్జమ్మా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. చికాగోలో ఎవరో డెబ్బైల నాటి గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ గిటారు అమ్ముతున్నారని, నువ్వు దాచుకున్నదంతా ఊడ్చి దాని మీద పెట్టబోతున్నావని, "నీ మాటైతే వింటుంది, ఏదో ఒకటి చెప్పరా" అని ఒకటే టెన్షన్. నాకూ భయం వేసింది. కానీ అంతకంటే ముందు గర్వంగా అనిపించింది. వీణ మీద మోహన పలికించిన చేతులతో ఎలక్ట్రిక్ గిటార్ మీద గమకం పలికిస్తానంటున్నావు కదా! కొననీ అక్కా అనే చెప్పాను. నీకు చెప్పాల్సినవి మాత్రం చాలా ఉన్నాయి. ఫోన్‌లో అయితే ఊఁ ఊఁ అంటూ వేరే పని చూసుకుంటావు, అందుకని రాస్తున్నాను.

ఆంప్‌కి, అదే సౌండు పెంచే ఆంప్లిఫయర్‌కి, తగిలించి వాయించకుండా కొనకు. పగటి వెలుగులో చూడు. పరాయి ఇంటికి ఒక్కదానివే వెళ్ళకు. ఇవి నీకు తెలిసినవే.

నాకు ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటారంటే ప్రాణం, ఆ సంగతి నీకు తెలుసు. అయినా నీకు అది వద్దనే అంటాను, ఎందుకో చెబుతాను విను. లియో ఫెండర్ కాలిఫోర్నియాలో, ఫుల్లర్టన్ అనే ఊళ్ళో రేడియోలు బాగుచేసిన మనిషి, ఆయనకు గిటార్ వాయించడం రాదు. ఆయన చేసిన గిటార్లు రిపేరు చేసేవాడి చేతికి అనువుగా ఉంటాయి. చదునైన చెక్క బాడీ, దానికి నాలుగు స్క్రూలతో బిగించిన మేపుల్ చెక్క నెక్, అంటే పొడుగాటి మెడ, పాడైతే విప్పి ఇంకోటి వేసుకోవచ్చు. 1950లో బ్రాడ్‌కాస్టర్ అని తెచ్చాడు. గ్రెచ్ కంపెనీ ఆ పేరుతో మా డ్రమ్ములున్నాయని అభ్యంతరం పెడితే 1951లో అదే టెలికాస్టర్ అయింది. బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరుండే పికప్ (తీగ కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతం, తీగచుట్ట) లోహపు పలకలో కూర్చుని ఉంటుంది, అందుకే ఆ పదును, ఎంత గోలలోనైనా విడిగా వినిపిస్తుంది. 1954లో స్ట్రాట్, అదే స్ట్రాటోకాస్టర్, వచ్చింది, మూడు పికప్‌లు, శ్రుతిని ఊపడానికి వెనకాల స్ప్రింగులతో ట్రెమొలో. పికప్ ఎంచుకునే స్విచ్‌కి మొదట్లో మూడే స్థానాలు. వాయించేవాళ్ళు స్విచ్‌ని రెండింటి మధ్య ఇరికించి, కాస్త ముక్కుతో పలికినట్టుండే ఆ గొంతు కనిపెట్టారు. కంపెనీ అయిదు స్థానాల స్విచ్ పెట్టింది 1977లో! అన్నేళ్ళు వాయించేవాళ్ళే అగ్గిపుల్లలో ఏవో పెట్టి నెట్టుకొచ్చారు.

ఇప్పుడు నీ గమకం సంగతి. స్ట్రాట్ బ్రిడ్జి గట్టిగా నిలబడి ఉండదు, ఒక పక్క తీగలు లాగుతుంటే ఇంకో పక్క స్ప్రింగులు లాగుతుంటాయి, ఆ రెంటి మధ్య తూగుతూ ఉంటుంది. నువ్వు ఒక తీగను షడ్జానికి వదిలేసి, పక్క తీగ మీద గాంధారం లాగావనుకో, ఆ లాగుడికి బ్రిడ్జి కాస్త పైకి లేస్తుంది, మిగతా తీగలన్నీ వదులై షడ్జం కిందికి జారిపోతుంది. శ్రుతే జారితే ఇక గమకమేమిటి? వీణ మీద నువ్వెంత లాగినా తాళపు తీగలు చలించవు, నీ చెవికి అదే అలవాటు. చెక్కముక్క దూర్చి ట్రెమొలో కదలకుండా చేయొచ్చు, కాదనను, చాలామంది చేస్తారు. పైగా పాత ఫెండర్ల ఫింగర్‌బోర్డు (వేళ్ళతో తీగలు నొక్కే పలక) బాగా గుండ్రం, 7.25 అంగుళాల వ్యాసార్ధం. పై స్థాయిలో తీగ లాగితే ముందు మెట్టుకు తగిలి స్వరం అక్కడే చచ్చిపోతుంది. గిబ్సన్‌ది 12 అంగుళాలు, కొంచెం చదును. తీగ పొడవు కూడా ఫెండర్‌లో 25.5 అంగుళాలైతే గిబ్సన్‌లో 24.75, అందుకని అదే శ్రుతికి, అదే లావు తీగ తక్కువ బిగువుతో ఉంటుంది, వేలికి లొంగుతుంది. ఇవన్నీ కూడుకుంటే నువ్వు ఎంచుకున్నది సరైనదే. ఎవరి బొమ్మ చూసి ఎంచుకున్నావో నేనడగను.

లెస్ పాల్ పుట్టింది నీకు దగ్గర్లోనే. మిషిగన్‌లో కలమజూ, చికాగో నుంచి కారులో రెండు, రెండున్నర గంటలు. టెడ్ మెకార్టీ గిబ్సన్‌ని నడిపిన రోజుల్లో, 1952లో వచ్చింది. మహాగని బాడీ మీద మేపుల్ పలక అతికించి, నెక్‌ని స్క్రూలతో కాకుండా జిగురుతో బాడీలోకి దిగేశారు. మొదట పీ-90 అనే సింగిల్ కాయిల్ పికప్‌లు పెట్టారు, కాస్త గరుకు గొంతు, నాకు చాలా ఇష్టం, కానీ కరెంటు హమ్, ఆ గుయ్యిమనే రొద, లాక్కొస్తాయి. సెత్ లవర్ అనే ఇంజినీరు రెండు కాయిళ్ళను ఎదురెదురు దిశల్లో పనిచేసేలా పక్కపక్కన పెట్టి, హమ్ దానంతట అదే కొట్టుకుపోయేలా చేశాడు. అదే హంబకర్, 1957 నుంచి లెస్ పాల్‌లోకి వచ్చింది. హమ్ పోవడమే కాదు, గొంతు లావైంది. అదే ఆంప్‌ని ఇంకాస్త గట్టిగా తోస్తుంది, స్వరం ఇంకాసేపు నిలుస్తుంది. మన పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్‌ని తలుచుకో. మామూలు మాండలిన్ మీద స్వరం టుక్కుమని ఆగిపోతుంది. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి స్వరాన్ని నిలబెట్టాడు, నిలబడిన స్వరం మీదే కదా గమకం. నీకు కావలసింది ఆ నిలకడే.

ఇంత మంచి గిటారు అప్పట్లో అమ్ముడుపోలేదంటే నమ్ముతావా! 1961లో దాన్ని ఆపేసి, రెండు కొమ్ములున్న పల్చటి బాడీ తెచ్చారు, కొన్నాళ్ళకు దానికి ఎస్‌జీ అని పేరు పెట్టారు. ఇంగ్లండులో ఎరిక్ క్లాప్టన్ లాంటి కుర్రాళ్ళు పాత లెస్ పాల్‌ని పెద్ద ఆంప్‌కి తగిలించి సౌండు పూర్తిగా పెంచాక గానీ ప్రపంచానికి దాని విలువ తెలియలేదు. గిబ్సన్ 1968లో మళ్ళీ మొదలుపెట్టింది. నువ్వు చూసినది ఆ తర్వాతిది. డెబ్బైల తొలి సగంలో మహాగని బాడీని రెండు పొరలుగా చేసి మధ్యలో పల్చటి మేపుల్ పెట్టేవారు, పక్కనుంచి చూస్తే గీత కనిపిస్తుంది. చాలావరకు బరువు ఎక్కువ, నాలుగున్నర కిలోలు మామూలు. కాలేజీలో ఉండగా నీ భుజం ఎలా పట్టేసేదో మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు. అరగంట నిలబడి వాయించి చూడు, కూర్చుని కాదు. డీలక్స్ మోడల్ అయితే అందులో చిన్న హంబకర్లుంటాయి, గొంతు కాస్త సన్నం. అడిగి తెలుసుకో.

అన్నిటికంటే నా భయం నెక్ గురించే.

మా బ్యాండ్‌లో లీడ్ వాయించే స్నేహితుడికి ఒక లెస్ పాల్ ఉండేది. దిగుమతి సరుకు దొరకని రోజులు, ఓడలో పనిచేసే బంధువు తెచ్చిపెట్టాడు. కాకినాడలో ఒక పెళ్ళి రిసెప్షన్. భోజనాల విరామంలో గిటార్‌ని ఆంప్‌కి ఆనించి వెళ్ళాడు. కేబుల్ తీయలేదు. కుర్చీలు మోస్తున్న షామియానా కుర్రాడి కాలికి ఆ కేబుల్ చిక్కుకుంది. గిటారు వెల్లకిలా పడింది. నడుమెత్తు కూడా కాదు, బొక్కబోర్లా పడినా బతికేదేమో. హెడ్‌స్టాక్, అంటే తీగలు బిగించే మరలుండే తల, వెనక్కి వంగి ఉంటుంది కాబట్టి నేలకు ముందు తగిలేది దాని కొసే, తీగల బిగువంతా అప్పటికే అటే లాగుతుంటుంది. గిబ్సన్ నెక్ మహాగని. హెడ్‌స్టాక్ 17 డిగ్రీలు వంగేచోట చెక్క పొరలు పొట్టిగా తెగి ఉంటాయి, సరిగ్గా అక్కడే ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే ఇనుప కడ్డీ) తిప్పడానికి లోపల చెక్క తీసేసి ఉంటారు. హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే చిన్న బద్దని నట్ అంటారు, ఆ నట్ కింద వేలెడు మేర, విరిగితే అక్కడే విరుగుతుంది. ఆ రోజూ అక్కడే విరిగింది, ముందు పక్క నల్ల పొర పట్టుకుని వేలాడుతోంది.

ఇంతవరకూ అది ప్రమాదం. తప్పు ఆ తర్వాత జరిగింది. విరిగిన క్షణంలో ఆ రెండు ముఖాలూ ఒకదానిలో ఒకటి అచ్చంగా కూర్చుంటాయి, ప్రతి నారకూ ఎదురు నార ఉంటుంది. తీగలు వదులు చేసి, ముట్టుకోకుండా, మంచి చెక్క జిగురు పట్టించి బిగింపు వేసి ఒక రోజు వదిలేస్తే ఆ అతుకు అసలు చెక్క కన్నా గట్టిగా ఉంటుంది. ఇంకా పాటలు మిగిలాయని వాడు కొట్టుకి పరిగెత్తి, క్షణాల్లో పట్టేసే జిగురు తెచ్చి పూసి చేత్తో నొక్కాడు. వెంట్రుకవాసి పక్కకి కూర్చుంది. మూడో పాటకి ఊడింది. తర్వాత వడ్రంగి దగ్గరికి తీసుకెళ్తే ఆయన రెండు స్క్రూలు కొట్టాడు, ఒకటి ట్రస్ రాడ్‌కే తగిలి అది తిరగడం మానేసింది. అప్పుడు తెచ్చాడు నా దగ్గరికి. గట్టిపడ్డ జిగురు గీకుతుంటే నారలూ లేచి వచ్చేశాయి, ఇక కూర్చోవడానికి ఎదురు ముఖమే లేదు. రెండు పక్కలా కాలవలు తీసి మహాగని బద్దలు దిగేసి నిలబెట్టాను. పలికింది, బాగానే పలికింది. కానీ వాడికి దాని మీద నమ్మకం పోయింది, ఎవరికో అమ్మేశాడు. ఆ రాత్రి ఒక్క గంట చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే ఆ గిటారు వాడి దగ్గరే ఉండేది. ఇన్నేళ్ళైనా తలుచుకుంటే కోపం వస్తుంది నాకు.

అందుకని తల్లీ, గోడకీ సోఫాకీ ఆనించకు. వాయించనప్పుడు పెట్టెలో పెట్టు. ఒకవేళ పడితే, పడుతుంది, ఎవరి చేతిలోనైనా పడుతుంది, ఏడవకు, తీగలు వదులు చెయ్యి, విరిగిన చోట వేలు పెట్టకు, అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి.

నీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. అరవైల మధ్యలోనే ఆ వంపు 14 డిగ్రీలకు తగ్గించారు, డెబ్బైల్లో నట్ వెనక చెక్కతో ఒక బుడిపె వదిలారు, దశాబ్దం మధ్యనుంచి కొన్నాళ్ళు నెక్ మేపుల్‌తో చేశారు. పాతవాటికన్నా ఇవి కాస్త మొండివి. ఆ బుడిపెను చెక్కేసి నునుపు చేసి ఉంటే అనుమానించు. నట్ వెనక నుంచి మూడో మెట్టు దాకా బొటనవేలితో నెమ్మదిగా నిమురు, గోరుకు గీత తగిలితే ఆగు. టార్చిని పక్కవాటుగా పట్టి చూడు, పాలిష్ అక్కడ మాత్రమే కొత్తగా మెరుస్తోందేమో. అతికిన గిటారు పనికిరాదని కాదు, శుభ్రంగా అతికినది నేనే కొంటాను, కానీ ధర దాదాపు సగం ఉండాలి. అమ్మేవాడు ఆ మాట ముందే చెప్పాలి. చెప్పకుండా దాచాడంటే మిగతా మాటలూ నమ్మకు, వచ్చెయ్.

ఆంప్ మాత్రం అక్కడ ఖరీదైనది కొనకు. అక్కడిది 120 వోల్టులది, ఇక్కడికి తెస్తే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెట్టగానే మాడిపోతుంది, నువ్వు వచ్చే ఏడాది వచ్చేస్తానంటున్నావు కదా. ఇక్కడ ముందు మీ ఇంట్లో ఎర్తింగ్ సరిచేయించాలి, తీగ ముట్టుకున్న చెయ్యి జిల్లుమనకూడదు. ఆ పని నేను చూసుకుంటాను.

ఫోటోలు పంపు. నట్ వెనక భాగం దగ్గరగా ఒకటి, హెడ్‌స్టాక్ వెనక సీరియల్ నంబరు ఒకటి, వెనక మూత విప్పనిస్తే లోపలి వైర్లు ఒకటి. నేను చూసి చెప్పేదాకా అడ్వాన్సు ఇవ్వకు. అక్కతో నేను మాట్లాడతాలే.

మామయ్య