దాక్కోనివ్వని ఆట చేయమ్మా

కడప

చిరంజీవి హారికకు మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి సొంతంగా తుపాకుల కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నావని అక్క ఫోనులో చెప్పింది. చెబుతూ ఏడ్చింది. ఆమెను సముదాయించాను గానీ ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్ల ఇంత పనికి పూనుకుందన్న గర్వం ఒకవైపు, నెలనెలా వచ్చే జీతం వదులుకుందే అన్న దిగులు మరొకవైపు. ఏడురోడ్ల దగ్గర గేమ్ సెంటర్ నడిపినన్నాళ్లూ, ఏ ఆటకు కుర్రవాళ్లు కుర్చీ అంచుకు జరుగుతారో, ఏ ఆట మధ్యలో ఆవులిస్తారో గమనిస్తూ వచ్చినవాణ్ని. ఆ చనువుతోనే రాస్తున్నాను.

ఏడాది ఖర్చులకు డబ్బు పక్కన పెట్టుకో. అప్పు చేయవద్దు, నగలు తాకట్టు పెట్టవద్దు. చేసిన పనికి నకలు రోజూ మరోచోట దాచుకో.

ఇక అసలు సంగతి. నెత్తురు, పేలుళ్లు, గావుకేకలు ఎన్ని పెట్టినా కాసేపటికి కన్ను అలవాటు పడిపోతుంది. 2016లో వచ్చిన డూమ్‌ను మళ్లీ ఆడు, ఈసారి తయారుచేసేవాళ్ల కళ్లతో. చాలా ఆటల్లో సత్తువ అడుగంటితే గోడచాటున నక్కి కూర్చోవచ్చు, అదే నిండుతుంది. ఇక్కడ అది కుదరదు. దెబ్బతిని తూలుతున్న రాక్షసుడి మీదికి ఉరికి, చేతులతో చీల్చేస్తే వాడి ఒంట్లోంచి ఆరోగ్యం రాలుతుంది. తూటాలు అయిపోతే రంపంతో కోయాలి, అప్పుడు తూటాలు కుప్పగా రాలతాయి. తుపాకీలో మళ్లీ గుళ్లు నింపుకునే విరామం కూడా లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడే మనిషి ముందుకు దూకాలి. చూడటానికి ఒట్టి వెర్రిలా ఉండే ఆ చీల్చడం వెనక ఇంత లెక్క ఉంది. నీ ఆటలో పెట్టే ప్రతి విపరీతానికీ ఇలాంటి పని ఒకటి అప్పగించు.

శబ్దాన్ని చివరికి వదిలేయవద్దు. క్రొయేషియాలో క్రోటీమ్ అనే బృందం 2001లో తెచ్చిన సీరియస్ శామ్‌లో తలలేని శత్రువు ఒకడున్నాడు. రెండు చేతుల్లో బాంబులు పట్టుకుని అరుస్తూ పరుగెత్తుకొస్తాడు. తల లేనివాడు ఎలా అరుస్తాడని మా సెంటర్‌లో ఒక్క పిల్లాడూ అడగలేదు. వాడు కనిపించకముందే కేక వినిపిస్తుంది, ఎటునుంచి వస్తున్నాడో తెలుస్తుంది, గుండె జల్లుమంటుంది. ఆ మైదానంలో వంద మంది చుట్టుముట్టినా ఎవడు ఏం చేస్తాడో చూపుతోనో చెవితోనో పోల్చుకోవచ్చు. గందరగోళం ఆటగాడి చుట్టూ ఉండాలి తల్లీ, అతని బుర్రలో కాదు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. డ్యూక్ న్యూకెమ్ అనే ఆట కథ నీకు తెలిసే ఉంటుంది, అయినా నాకు తృప్తి కోసం విను. 1996 నాటి డ్యూక్ న్యూకెమ్ 3డీలో కథానాయకుడు డ్యూక్ వెంట ఆయుధాలన్నీ ఉండేవి. ఒకదానితో శత్రువును బొటనవేలంత చేసి కాలితో నలిపేయవచ్చు, మరొకదానితో గడ్డకట్టించి ముక్కలు చేయవచ్చు. ఏ క్షణాన దేన్ని తీయాలా అన్న ఎంపికలోనే సగం సరదా ఉండేది. తర్వాతి ఆట డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్‌ను 1997లో ప్రకటించారు. మరుసటి ఏడాదే ఇంజిన్, అంటే ఆటను నడిపించే మూల సాఫ్ట్‌వేర్, మార్చారు. బయట కొత్త ఆట వచ్చినప్పుడల్లా అందులోని హంగు తమ ఆటలోనూ ఉండాలనుకున్నారు. చేసింది పారేయడం, మళ్లీ మొదలుపెట్టడం. 2009లో డబ్బు నిండుకుని బృందాన్ని పంపేశారు. చివరికి మరో సంస్థ పూర్తిచేసి 2011లో విడుదల చేసింది. పద్నాలుగేళ్లు! అంతకాలం ఎదురుచూసినవాళ్లకు దక్కిందేమిటి? ఒకేసారి రెండే ఆయుధాలు, చాటుకు వెళ్తే దానంతటదే నిండే సత్తువ. 2001 నాటి హేలో అనే ఆటలో రెండు ఆయుధాల పద్ధతి చక్కగా కుదిరింది, ఎందుకంటే అక్కడి శత్రువులను, దూరాలను దానికి తగ్గట్టే కూర్చారు. డ్యూక్ చేతిలోంచి ఆయుధాల సంచి లాగేసుకుంటే ఇంక డ్యూక్‌లో మిగిలేదేమిటి? తర్వాత కంప్యూటర్ ఆటగాళ్లకు ఆ రెండు ఆయుధాలు నాలుగయ్యాయి గానీ అప్పటికే మనసులు విరిగాయి. ఆ ప్రకటన చూసి పొంగిపోయిన పిల్లలు, ఆట వచ్చేనాటికి పెళ్లిళ్లు చేసుకుని బిడ్డల తండ్రులయ్యారు. పక్కవాళ్ల ఆట చూసి నీ ఆటను మార్చవద్దు. ఎప్పుడైనా మార్చబుద్ధి అయితే ముందు నాకు ఫోను చేయి, తిట్లు తిని ఆ తర్వాత నిర్ణయించుకో.

నువ్వు పంపిన కథ చదివాను. ఫ్యాక్షన్ ఊరు, నాటుబాంబులు, వేటకొడవళ్లు. అది వద్దమ్మా. బయటివాళ్లకు అదొక హంగు. భర్తలను అలా పోగొట్టుకున్న ఆడవాళ్లు మన చుట్టుపక్కల ఇంకా బతికే ఉన్నారు. వాళ్ల మనవలు నా సెంటర్‌లో ఆడుకున్నారు. వందమందిని నరికి నవ్వుకోవాలంటే ఆ వందమంది కోసం ఏ ఇంట్లోనూ ఎవరూ ఏడవకూడదు. డూమ్‌లో నరకం నుంచి రాక్షసులను రప్పించింది అందుకే అనిపిస్తుంది నాకు. కోపంగా రాశానేమో, తప్పుగా అనుకోకు.

సీమను పెట్టాలని ఉంటే మన రాళ్లు ఉన్నాయి కదా! గండికోటలో పెన్న కోసిన లోయ అంచున, విశాలమైన మైదానంలో అన్ని దిక్కుల నుంచీ గుంపులను వదులు. బెలుం గుహల ఇరుకులో షాట్‌గన్ ఒక్కటే ఇవ్వు. అక్కడ సప్తస్వరాల గుహలో రాతిని తడితే సంగీతంలా మోగుతుంది, చిన్నప్పుడు నా భుజాలెక్కి తట్టావు, గుర్తుందా? తూటా తగిలినప్పుడల్లా ఆ రాళ్లు మోగనీ. చివరి పోరాటం గుహలో అన్నిటికన్నా లోతైన పాతాళగంగ దగ్గర పెట్టు.

ఒంటరిదానివని బెంగపడకు. 2018 నాటి డస్క్ అనే తుపాకుల ఆటను ప్రధానంగా డేవిడ్ షిమాన్‌స్కీ అనే ఒక్క మనిషే తయారుచేశాడు. బొమ్మలు 1990ల ఆటల్లా గరుకుగానే ఉంటాయి, పరుగు మాత్రం అదిరిపోతుంది. కాబట్టి బొమ్మల నునుపు కోసం రాత్రుళ్లు మేలుకోకు. నీ కళ్లు అసలే బలహీనం, నీ అద్దాల మందం నాకు తెలుసు.

బెంగళూరు అద్దె భారమైతే మా మేడమీది గది ఖాళీగానే ఉంది. ఇంటర్నెట్ పెట్టించాను, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. అత్తయ్య బల్ల కూడా తుడిపించింది. మొహమాటపడకుండా వచ్చేయి.

ప్రేమతో,
మామయ్య