అప్పర్ ఈస్ట్ సైడ్‌లో కో-ఆప్ కొనేముందు బిల్డింగ్ లెక్కలు చూడండి

న్యూయార్క్ అప్పర్ ఈస్ట్ సైడ్‌లో, యార్క్ అవెన్యూ దగ్గర రెండు బెడ్‌రూమ్‌ల కో-ఆప్ 10 లక్షల 50 వేల డాలర్లకు చూశామని, మెయింటెనెన్స్ నెలకు 2,600 డాలర్లని మీరు రాశారు. అదే సైజు కాండోకి (నేరుగా మన పేరునే రిజిస్టర్ అయ్యే ఫ్లాట్) చాలా ఎక్కువ చెబుతున్నారు కదా, దీనిలో ఏమైనా లొసుగుందా అని అడిగారు. మేం ఆ ఏరియాలోనే రెండు బెడ్‌రూమ్‌ల కో-ఆప్ కొనుక్కుని ఉంటున్నాం. లొసుగు అంటూ ఏం లేదు. కాకపోతే ఫ్లాట్ మీద పెట్టిన దృష్టికి రెట్టింపు ఆ బిల్డింగ్ ఆర్థిక పరిస్థితి మీద పెట్టాలి.

కో-ఆప్‌లో ఫ్లాట్ మీ పేరున రిజిస్టర్ కాదు. బిల్డింగ్ మొత్తం ఒక కార్పొరేషన్‌ది. ఆ ఫ్లాట్‌కు కేటాయించిన షేర్లు, దాంతోపాటు అందులో ఉండే హక్కునిచ్చే ప్రొప్రైటరీ లీజు మీ చేతికి వస్తాయి. బిల్డింగ్ మీద లోన్ ఉంటే అందులో మీకూ వాటా ఉన్నట్టే. పక్క ఫ్లాటువాళ్లు మెయింటెనెన్స్ ఎగ్గొడితే ఆ లోటు మిగిలినవాళ్లంతా మోయాలి. అందుకే కొత్తగా వచ్చేవాళ్లను కో-ఆప్ బోర్డు, అంటే షేర్లున్నవాళ్లు ఎన్నుకున్న కమిటీ, అంతగా జల్లెడ పడుతుంది. ఆ జల్లెడ దాటగలిగేవాళ్లు తక్కువ, అద్దెకివ్వడానికి కొనేవాళ్లు అసలు ఇటు రారు, కాబట్టే ధర దిగుతుంది.

మీ ఫ్లాటుకే లెక్క వేద్దాం. 25 శాతం డౌన్ పేమెంట్ పోగా 7,87,500 లోన్. ముప్పై ఏళ్లకు ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే నెలకు దాదాపు 4,980. మెయింటెనెన్స్ కలిపితే 7,580. ఇది మీ ఆదాయంలో 25 నుంచి 30 శాతం దాటకూడదని చాలా బోర్డులు చూస్తాయి. 28 శాతం పట్టుకున్నా ఇద్దరి జీతం కలిపి ఏడాదికి 3,25,000 దాకా ఉండాలి. అంతా కట్టేశాక కూడా ఏడాది, రెండేళ్ల ఖర్చుకు సరిపడా డబ్బు చేతిలో మిగలాలంటారు. రెండేళ్లంటే 1,80,000 పైమాటే. మనవాళ్లు చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కొంపల్లిలో ప్లాటుంది, గుంటూరులో ఇల్లుంది అని చూపిస్తే బోర్డు వాటిని చేతిలో ఉన్న డబ్బు కింద లెక్కపెట్టదు. ఇంకా వెస్ట్ కాని, అంటే పూర్తిగా మీ సొంతం కాని కంపెనీ స్టాక్ కూడా అంతే. 401కే (రిటైర్మెంట్ ఖాతా) డబ్బును కూడా కొన్ని బోర్డులు పక్కన పెడతాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు ఇచ్చే డబ్బు వాడుకునే ఉద్దేశం ఉంటే ముందే తెప్పించి ఇక్కడి బ్యాంకులో ఉంచండి, అది అప్పు కాదు, కానుకేనని గిఫ్ట్ లెటర్ కూడా రాయించుకోండి.

మీకు కలిసొచ్చేదీ ఉంది. కాండోకి లోన్ తీసుకుంటే మార్ట్‌గేజ్ రికార్డింగ్ ట్యాక్స్ కట్టాలి, 8 లక్షల లోన్ మీద అది 15,400 డాలర్లు. కో-ఆప్‌కి ఆ పన్నే లేదు. మెయింటెనెన్స్‌లో ప్రాపర్టీ ట్యాక్స్ కలిసే ఉంటుంది, కాబట్టి ఆ 2,600ని కాండోలో నెలనెలా కట్టే కామన్ ఛార్జీలతో నేరుగా పోల్చకండి, వాటిలో ఆ పన్ను ఉండదు. ఇంకో మాట, బేరం గట్టిగా ఆడండి. 10 లక్షలు, ఆపైన అయితే మొత్తం ధర మీద కనీసం ఒక శాతం మాన్షన్ ట్యాక్స్ కొనేవాళ్ల నెత్తినే పడుతుంది. 9,99,000కి ఒప్పిస్తే ఆ పది వేలూ మిగులుతాయి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది బోర్డు మీటింగుల మినిట్స్. మా అటార్నీ, బిల్డింగ్ నిర్వహణ చూసే మేనేజింగ్ ఏజెంట్ ఆఫీసుకు వెళ్లి పాత మినిట్స్ అన్నీ చదివొచ్చారు. మేం చూసిన ఫ్లాటున్న లైన్‌లోనే (ఒకదాని మీద ఒకటి ఉండే ఫ్లాట్ల వరుస) పై బాత్రూమ్ పైపు లీకై కింద సీలింగ్ తడిసిందని, తర్వాత పైపు మార్చారని వాటిలో ఉంది. ఓపెన్ హౌస్‌లో అదే సీలింగ్ కొత్త పెయింట్‌తో తళతళలాడుతోంది, బ్రోకర్ ఒక్క ముక్క చెప్పలేదు. పైపు మార్చిన బిల్లు చూశాకే మేం ముందుకెళ్లాం.

మినిట్స్‌తోపాటు ఆడిట్ చేసిన ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్లు అడగండి. రిజర్వ్ ఫండ్ ఎంతుంది, బిల్డింగ్ లోన్ గడువు ఎప్పుడు తీరుతుంది? తక్కువ వడ్డీకి తీసుకున్న లోన్ రేపో మాపో రీఫైనాన్స్‌కు వస్తే మీ 2,600 అలాగే ఉండదు. ఆరంతస్తులు దాటిన బిల్డింగ్‌కు ఐదేళ్లకోసారి బయటి గోడల తనిఖీ తప్పనిసరి, రిపేర్లు తేలితే అసెస్‌మెంట్ వేస్తారు, అంటే మెయింటెనెన్స్ కాక అదనంగా వసూలు చేస్తారు. 25,000 చదరపు అడుగులు దాటిన బిల్డింగ్‌లకు 2024 నుంచి లోకల్ లా 97 కింద కార్బన్ పరిమితులు వచ్చాయి, మీరితే టన్నుకు 268 డాలర్ల జరిమానా, 2030లో ఇంకా బిగిస్తారు. పాత ఆయిల్ బాయిలర్ ఉన్న బిల్డింగ్ అయితే ఏం ప్లాన్ చేశారో తప్పకుండా కనుక్కోండి. బిల్డింగ్ కింద భూమి కూడా కార్పొరేషన్‌దేనా, లీజుదా అన్నది మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న. లీజు భూమి అయితే నన్నడిగితే వదిలేయండి.

ఇంటర్వ్యూ గురించి టెన్షన్ పడకండి. కాగితాలు నచ్చాకే పిలుస్తారు. అడిగినదానికి మర్యాదగా, క్లుప్తంగా జవాబు చెప్పి వచ్చేయండి. కారణం చెప్పకుండా కాదనే అధికారం బోర్డుకు ఉంది, అయితే జాతి, మతం, పుట్టిన దేశం చూసి కాదనడం చట్టవిరుద్ధం.

హౌస్ రూల్స్ మాత్రం సంతకానికి ముందే చదవండి. మా బిల్డింగ్‌లో 80 శాతం ఫ్లోర్‌కు కార్పెట్ ఉండాలి. మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది, కార్పెట్ వేసినా కింది ఫ్లాటులో పెద్దావిడకు అడుగుల చప్పుడు వినపడుతుంది. ఆవిడతో మాట్లాడుకుని, బేస్‌మెంట్‌లోని కామన్ రూమ్‌లో ప్రాక్టీసుకు బోర్డు అనుమతి తీసుకున్నాం. వంటగది పెద్దది చేద్దామనుకుంటున్నారేమో, కింద వాళ్ల బెడ్‌రూమ్ ఉన్నచోటికి మీ సింకు జరపడానికి చాలా బిల్డింగ్‌లు ఒప్పుకోవు. మీరు ఇండియా వెళ్లినప్పుడు అమ్మానాన్నలు మాత్రమే ఇంట్లో ఉండొచ్చా, రేపు ఉద్యోగం డాలస్‌కి మారితే ఎన్నేళ్లు అద్దెకివ్వనిస్తారు, అమ్మేటప్పుడు బిల్డింగ్‌కు కట్టే ఫ్లిప్ ట్యాక్స్ ఎంత, ఇవన్నీ రాతపూర్వకంగా తెప్పించుకోండి.

కాంట్రాక్ట్ రోజున మామూలుగా 10 శాతం కట్టాలి. మీ తప్పేం లేకుండా బోర్డు కాదంటే ఆ డబ్బు తిరిగిచ్చే షరతు ఉందో లేదో అటార్నీతో చూపించుకోండి.