ల్యాప్‌టాప్ చేతులు మారేముందు

ప్రశ్న: విండోస్ 11 ల్యాప్‌టాప్‌ను మేనకోడలికి ఇస్తున్నాను. ఫైళ్లు డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేశాను. సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సరిపోదండీ. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు అలాగే ఉన్నాయి. హార్డ్ డిస్క్ అయితే, మరొకటి దానిమీద రాసేదాకా పాత ఫైలు రికవరీ సాఫ్ట్‌వేర్‌కి దొరుకుతుంది.

కావలసినవి బయట తగిలించే వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, నాలుగైదు తెరిచి చూసుకోండి. ఛార్జర్ పెట్టి సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ‘రీసెట్ పీసీ’ నొక్కి ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకోండి. తర్వాత వచ్చే ‘ఛేంజ్ సెట్టింగ్స్’ను చాలామంది దాటేస్తారు. అందులో ‘క్లీన్ డేటా’ ఆన్ చేయాలి, డి డ్రైవ్ ఉంటే అన్ని డ్రైవ్‌లనూ చెరిపే మీట కూడా. గంటలు పడుతుంది, మధ్యలో ఆపితే విండోస్ తెరుచుకోకపోవచ్చు.

దేశం అడిగే తెర రాగానే పవర్ బటన్‌తో ఆపేయండి, మిగతాది అమ్మాయి తన ఖాతాతో చేసుకుంటుంది. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో డివైజెస్ జాబితా నుంచి ఆ ల్యాప్‌టాప్‌ను తీసేయండి.