అమెరికా ప్రయాణానికి ముందు ఆఫీసు కాయితాలు: చెల్లెలికి అన్నయ్య ఉత్తరం

అమ్మా వసుంధరా,

నీ కూతురు చిన్ని డెలివరీకి డల్లాస్ వెళ్ళాలని నువ్వు నిన్న ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు చాలా సంతోషంగా ఉంది, కానీ టికెట్ రేటు తగ్గింది అన్నయ్యా బుక్ చేసేయమంటావా అని అడిగావు చూడు, అక్కడే నా గుండె ఆగింది. చెయ్యొద్దు. ఆఫీసు నుంచి ఆర్డర్ చేతికి రాకుండా డబ్బు తిరిగిరాని టికెట్ మాత్రం కొనొద్దు. పోస్టల్‌లో 34 ఏళ్ళు చేశాను, అందులో సగానికి పైగా ఉద్యోగుల లీవులూ పర్మిషన్లూ చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే, ఇలాంటి ఫైళ్ళు ఎన్ని చూశానో. అందుకే ఫోన్లో సగం సగం చెప్పడం ఇష్టం లేక కూర్చుని రాస్తున్నా.

ముందు ఒకటి బుర్రలో పెట్టుకో. పాస్‌పోర్ట్ వేరు, విదేశం వెళ్ళడానికి పర్మిషన్ వేరు, లీవు వేరు. మూడూ ఒకటే అనుకునే మనవాళ్ళు దెబ్బతింటారు. లీవు శాంక్షన్ అయింది కదా ఇంక వెళ్ళొచ్చు అనుకుంటారు, అది తప్పు, లీవు పెట్టినా దేశం దాటడానికి విడిగా పర్మిషన్ తీసుకోవాల్సిందే. అట్లాగే పర్మిషన్ వచ్చింది కదా అని లీవు ఆర్డర్ లేకుండా వెళ్ళినా ఆ రోజులన్నీ ఆబ్సెంట్ కిందకే వస్తాయి.

నీ పాస్‌పోర్ట్ గడువు అయిపోయిందన్నావు కదా. దానికి ఆఫీసు ఎన్ఓసీ, అంటే మాకు అభ్యంతరం లేదనే కాయితం కోసం నెలలు నెలలు తిరగక్కర్లేదు, ప్రయర్ ఇంటిమేషన్ అని ఒక లెటర్ ఉంటుంది, అనెక్షర్ హెచ్ అంటారు. నేను పాస్‌పోర్ట్‌కి అప్లై చేస్తున్నానని మీ ఆఫీసుకి తెలియజేయడమే అది, అనుమతి అడగడం కాదు. ఇచ్చి కాపీ మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకో, కింద తేదీ, సంతకం ఉండాలి. తేదీ లేని ముద్ర ఎందుకూ పనికిరాదు, తర్వాత ఎవరడిగినా ఆ తేదీ చూపించే మాట్లాడాలి.

ఇప్పుడు అసలు పర్మిషన్. నీలాంటి కేంద్ర ఉద్యోగుల ప్రైవేట్ విదేశీ ప్రయాణాల మీద కేంద్ర సిబ్బంది శాఖ, అదే డీఓపీటీ వాళ్ళు 2015 జులై 27న ఒక ఓఎం, అంటే ఆఫీసులకి పంపే ఆర్డర్ లాంటి కాయితం ఇచ్చారు, దానితోనే ఒక ప్రొఫార్మా ఉంది. ఏ దేశం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎందుకు, ఖర్చు ఎంత, ఆ డబ్బు ఎక్కడిది, గత నాలుగేళ్ళలో సొంతంగా ఎక్కడికన్నా వెళ్ళావా, ఇవీ కాలమ్స్. ఒక్కటి కూడా ఖాళీ వదలకు. ఎక్కడికీ వెళ్ళకపోతే 'లేదు' అని రాయి, గీత పెట్టి వదిలేయకు. డబ్బు సంగతికి మొహమాటం అక్కర్లేదు, టికెట్ కూతురు కొంటోంది, ఉండేది వాళ్ళింట్లోనే అని ఉన్నది ఉన్నట్టు రాసెయ్. ఖర్చు తక్కువ చూపిస్తే మంచిదని మీ ఆఫీసులో ఎవరన్నా అంటే వినకు, తర్వాత ఏ విజిలెన్స్ ఎంక్వైరీలోనో ఆ అంకె నీ ఎదురుగా పెడతారు.

దేశాల పేర్లు రాసేప్పుడు కూడా జాగ్రత్త. వెళ్ళేది అమెరికా అని రాసి, అక్కడికెళ్ళాక అల్లుడు నయాగరా చూపిస్తా రండి అత్తయ్యా అని కెనడా వైపు తీసుకెళ్ళాడనుకో, దానికి వేరే వీసా కావాలి, ఇక్కడ నీ ఆర్డర్‌లో ఆ దేశమే ఉండదు. వెళ్ళే ఆలోచన ఉంటే ఇప్పుడే రాయి.

ఆ 2015 ఓఎంలో ఉద్యోగికి పనికొచ్చే గొప్ప మాట ఒకటుంది. అప్లికేషన్ అందిన 21 రోజుల్లో ఆఫీసు ఏ సంగతీ చెప్పకపోతే పర్మిషన్ ఇచ్చినట్టే అనుకోవచ్చు. అది నీ హక్కు, గట్టిగా గుర్తుపెట్టుకో, అయినా నా సలహా ఏంటంటే 22వ రోజు పెట్టె సర్దుకోకుండా నా అప్లికేషన్ ఫలానా తేదీన అందింది, 21 రోజులు దాటాయి, ఓఎం ప్రకారం ప్రయాణానికి సిద్ధమవుతున్నాను అని ఒక లెటర్ రాసి దానికీ ముద్ర వేయించుకో. ఇది కేంద్రం వాళ్ళ ఆర్డర్ సుమా. మీ వదిన జిల్లా పరిషత్ టీచర్ కాబట్టి ఆవిడకి ఇది వర్తించదు, రాష్ట్రం వాళ్ళ దారి వేరు, అక్కడైతే 2007 నాటి 128 జీవో ప్రకారం పర్మిషన్ లేకుండా ఏడాది దాటి రాకపోతే రాజీనామా చేసినట్టే లెక్క. మన చుట్టాల్లో టీచర్లు ఎవరన్నా అడిగితే నీ ఆర్డర్ చూపించి ఇలాగే చెయ్యమని చెప్పకు.

ఆ 21 రోజుల మాట చదివినప్పుడల్లా నాకో మనిషి గుర్తొస్తాడు. అది రాకముందు సంగతి. మా ఆఫీసులో రాజంపేట వైపు అతను, తమ్ముడు కువైట్‌లో పనిచేసే చోట కింద పడి ఆస్పత్రిలో ఉన్నాడని వెళ్ళడానికి అప్లై చేశాడు. ఫైలు నా టేబుల్ మీదికొచ్చింది. ఒక కాలమ్ ఖాళీగా ఉందని నేను అబ్జెక్షన్ రాసి పక్కన పెట్టాను. పిలిచి, ఇక్కడ ఈ మాట రాయవయ్యా అంటే రెండు నిమిషాల పని. పిలవలేదు. అది కింద ఆఫీసుకి వెళ్ళి, మళ్ళీ వచ్చి, ఆర్డర్ అయ్యేసరికి 26 రోజులు పట్టింది, ఈలోపు ఆ తమ్ముణ్ణి వీల్‌చైర్‌లో వెనక్కి పంపించేశారు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తప్పు నాది. ఆ తర్వాత ఖాళీ కాలమ్ ఉన్న ఫైలు ఏదొచ్చినా నేనే ఫోన్ చేసేవాణ్ణి, కానీ నీ ఫైలు చూసేవాళ్ళు చేస్తారో లేదో తెలీదు కదా, అందుకే ఇంతగా చెప్తున్నా.

పర్మిషన్ అడగడమంటే ఎవరినో దయ చూపించమని అడుక్కోవడం కాదమ్మా. 1978లోనే మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు విదేశాలకి వెళ్ళే హక్కు రాజ్యాంగం 21వ ఆర్టికల్లో భాగమేనని చెప్పింది. నీ మీద ఏ కేసూ లేదు, ఎంక్వైరీ లేదు, కాబట్టి భయపడుతూ అడగాల్సిన పని లేదు.

లీవు సంగతి కొంచెం లెక్కగా చూద్దాం, ఇక్కడ నువ్వు తొందరపడుతున్నావనిపిస్తోంది. నీకు ఈఎల్, అంటే ఎర్న్‌డ్ లీవు 240 రోజులు ఉందన్నావు, ఒకేసారి 180 దాకా పెట్టొచ్చు, అందుకని ఆరు నెలలు ఉండొస్తానంటున్నావు. రిటైర్మెంట్‌కి ఇంకా ఆరేళ్ళుంది నీకు. జనవరిలో 15, జులైలో 15 చొప్పున ఏడాదికి 30 పడతాయి, ఆరేళ్ళకి 180. ఇప్పుడు 120 వాడితే మిగిలేది 120, మధ్యలో ఇంకేం వాడకపోతే చివరికి సరిగ్గా 300 అవుతుంది, రిటైరయ్యేప్పుడు మిగిలిన లీవుకి ఇచ్చే డబ్బు, అదే ఎన్‌క్యాష్‌మెంట్, పూర్తిగా వస్తుంది. 180 వాడితే 60 రోజులు తగ్గుతాయి, దాన్ని హాఫ్ పే లీవుతో పూడ్చుకోవచ్చు గానీ దానికి సగం జీతం లెక్కే కడతారు. మనవడో మనవరాలో పుట్టే వేళ డబ్బు లెక్కలేంటి అంటావేమో, తెలిసి నిర్ణయం తీసుకోమంటున్నా అంతే. నా మాటైతే డెలివరీకి పది రోజుల ముందు వెళ్ళి నాలుగు నెలలు ఉండి రా.

ఇంకోటి, అక్కడ ఎయిర్‌పోర్ట్‌లో వాళ్ళు ఆరు నెలలు ఉండొచ్చని ఇస్తారు సాధారణంగా, అది వాళ్ళ దేశంలో ఉండటానికి, నీ లీవు పొడిగించడానికి కాదు. పిల్లకి బాలేదనో చిన్నికి తోడు కావాలనో ఇంకో నెల ఉండాల్సొస్తే లీవు అయిపోకముందే అక్కణ్ణుంచే మెయిల్ పెట్టు, కాపీ నాకూ పెట్టు. లీవు దాటిపోయి ఆఫీసు పొడిగించకపోతే ఆ రోజులకి జీతం ఉండదు, నీ హాఫ్ పే లీవులోంచి కోసేస్తారు, పైగా కావాలనే రాలేదని క్రమశిక్షణ చర్యలకి దారి. మెడికల్ లీవు పెట్టి చడీచప్పుడు లేకుండా వెళ్ళొచ్చెయ్యొచ్చని మీ కౌంటర్లో ఆవిడ చెప్పిందన్నావు, ఆ ఆలోచన దగ్గరికి కూడా రానివ్వకు. ఇక్కడ మంచం పట్టినట్టు సర్టిఫికెట్ ఉంటుంది, పాస్‌పోర్ట్ మీద శంషాబాద్‌లో వేసిన స్టాంపు ఉంటుంది.

బావగారి ఫ్రెండ్ ఎవరో కేంద్రంలో ఆఫీసరు, ఆయనకి విదేశాంగ శాఖ క్లియరెన్స్ కావాలన్నారని నువ్వూ కంగారుపడుతున్నావు. అది ఆఫీసు పని మీద వెళ్ళేవాళ్ళకి. తెల్ల అట్ట పాస్‌పోర్ట్, పొలిటికల్ క్లియరెన్స్, అవతలి దేశం సంస్థ టికెట్టూ హోటలూ ఇస్తానంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద హోంశాఖ అనుమతి, అదంతా వాళ్ళ గొడవ. నువ్వు నీలం పాస్‌పోర్ట్ మీద కూతురి దగ్గరికి వెళ్తున్నావు, నీకవేమీ అక్కర్లేదు.

వీసా ఇంటర్వ్యూకి నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కి వెళ్ళేప్పుడు ఆఫీసు పర్మిషన్, లీవు ఆర్డర్ వచ్చి ఉంటే అవి కూడా ఫైల్లో పెట్టుకో, తిరిగొచ్చి చేరాల్సిన ఉద్యోగం ఉందని అడిగితే చూపించడానికి ఉంటుంది.

ప్రొఫార్మా సోమవారం లోపు పెన్సిల్‌తో నింపి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, నేను చూసి చెప్పాక పెన్నుతో రాయి. చిన్నిని రోజూ కాసేపు నడవమన్నానని చెప్పు.

మీ అన్నయ్య