పేరున్న ఊరా, నీకు పనికొచ్చే ఊరా?

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

చికాగోలోనూ, టొరంటోలోనూ నీకు ఎంఎస్ సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. చాలా సంతోషం తల్లీ. చికాగో అయితే అందరికీ తెలుసు, టొరంటో అంటే అదెక్కడని అడుగుతారని మీ అమ్మకి టెన్షన్‌గా ఉందట. రెండు ఊళ్లలోనూ ఉద్యోగం చేసినవాణ్ని, నాకు తెలిసింది రాస్తున్నాను.

మీ అమ్మ అన్నదాంట్లో నిజముంది. చికాగో పేరు మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. 1893లో వివేకానందుడు మాట్లాడింది అక్కడే. మే డే నాడు ఎర్రజెండా ఎగరేసిన ప్రతిచోటా 1886 నాటి చికాగో కార్మికులను తలుచుకుంటారు. 1990ల్లో మైకేల్ జోర్డాన్ పుణ్యమా అని బాస్కెట్‌బాల్ చూడనివాళ్లకి కూడా ఆ ఊరు తెలిసింది.

టొరంటోకి ఆ అదృష్టం లేదు. 1970ల దాకా కెనడాలో పెద్ద నగరం మాంట్రియల్, టొరంటో కాదు. టొరంటోకి గుర్తుగా నిలిచిన 553 మీటర్ల సీఎన్ టవర్ తెరిచింది కూడా 1976లోనే. దానికితోడు సినిమాల్లో టొరంటో చాలాసార్లు వేరే ఊరి వేషం వేస్తుంది. ఒకసారి ఆఫీసు నుంచి నడిచి వస్తుంటే మా వీధి మలుపులో వరసగా పసుపు టాక్సీలు, వాటికి న్యూయార్క్ నంబర్ ప్లేట్లు, ఎదుటి గోడకి అమెరికా జెండా. షూటింగ్ అట! ఆస్కార్ తెచ్చుకున్న 'చికాగో' సినిమా కూడా ఎక్కువభాగం తీసింది టొరంటోలోనే.

జనాభా చూస్తే రెండు ఊళ్లూ దాదాపు ఒకటే. 2020 లెక్కల్లో చికాగో నగరం 27.46 లక్షలు, 2021 లెక్కల్లో టొరంటో 27.94 లక్షలు. శివార్లు కలిపితే మాత్రం చికాగోదే పైచేయి.

మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి చూడు. గుడ్ల అర పక్కన నానమ్మ ఇన్సులిన్ సీసా ఉంటుంది. 1921లో బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు దాన్ని వెలికితీసింది టొరంటో యూనివర్సిటీలో. 1922 జనవరిలో పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటి సూది వేసింది కూడా ఆ ఊళ్లోనే. ఇన్నేళ్లుగా రోజూ ఆ సూది వేసుకుంటున్న నానమ్మ టొరంటో పేరు విని ఉండదు. ఊరు చేసిన మేలు ఇంటింటికీ చేరింది, పేరు చేరలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకని పేరు చూసేటప్పుడు, ఎవరికి తెలియాలో ముందు తేల్చుకో. చుట్టాలకా, రేపు నీ రెజ్యూమె చూసేవాళ్లకా? నువ్వు చదవబోయేది ఏఐ. 2012లో కంప్యూటర్ బొమ్మల్ని గుర్తుపట్టే తీరునే మార్చేసిన శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్, ఆయన శిష్యులు టొరంటో వాళ్లే. 2024లో ఆయనకి నోబెల్ వచ్చింది. నీ రంగంలో టొరంటో అంటే ఎక్కడని ఎవరూ అడగరు.

ఫీజు, ఇంటద్దె రూపాయల్లోకి మార్చి ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకో. వీసా రూల్స్ తరచూ మారుతుంటాయి, కన్సల్టెన్సీ మాట నమ్మకుండా ఆ ప్రభుత్వాల వెబ్‌సైట్లలో నువ్వే చదువు. రెండుచోట్లా చదువుతున్న సీనియర్లతో మాట్లాడు.

ఆదివారం మీ అమ్మకి నేనే ఫోన్ చేస్తాను. ఏ ఊరికెళ్లినా చలికోటు మాత్రం అక్కడే కొనుక్కో, హైదరాబాద్‌లో కొన్నది ఆ గాలికి ఆగదు.

మీ పెదనాన్న