ఏకాదశి ఉపవాసం, పరగడుపు రక్తపరీక్ష

మల్కాజిగిరి, హైదరాబాదు

చి. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కార్తీక ఏకాదశికి అమ్మ ఎలాగూ ఏమీ ముట్టదు కాబట్టి ద్వాదశి పారణకు ముందే రక్తం తీయించేస్తే ఒక పని అయిపోతుందని నువ్వు ఫోనులో అన్నావు. ముప్పై ఏళ్లకు పైగా ల్యాబులో పనిచేసినవాడిగా చెబుతున్నాను, దయచేసి ఆ రోజు తీయించవద్దు.

పరగడుపు అంటే ఒక్క రాత్రి విరామం, అంటే 8 నుంచి 12 గంటలు. దశమి రాత్రి భోజనం నుంచి ద్వాదశి ఉదయం దాకా 34 గంటలు దాటుతాయి. కాలేయంలో నిల్వ ఉన్న చక్కెర దాదాపు ఒక రోజులో తరిగిపోయి, శరీరం కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు పుట్టే కీటోన్లు అనే పదార్థాలు యూరిక్ ఆమ్లాన్ని మూత్రపిండాల నుంచి సరిగా బయటికి పోనివ్వవు. కనుక యూరిక్ ఆమ్లం పెరిగి వచ్చే కీళ్లవాతం (గౌట్) లేనివారికి కూడా ఆ అంకె పెరిగి కనిపించవచ్చు. మంచినీళ్లు కూడా మానేస్తే రక్తం చిక్కబడి యూరియా, అల్బుమిన్ వంటివి పెరుగుతాయి. థైరాయిడ్ పరీక్షలో టీ3 అనే హార్మోను తగ్గుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టేది బిలిరుబిన్, అంటే కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం. ఒకసారి శివరాత్రి మర్నాడు రక్తమిచ్చిన ఒక పెద్దాయనకు అది 2.8 రాగా, కామెర్లేమోనని ఇల్లంతా కంగారుపడింది. వారం రోజులు మామూలుగా తిన్నాక మళ్లీ చూస్తే 1.3 ఉంది. గిల్బర్ట్ లక్షణమనే, హాని చేయని పుట్టుక గుణం ఉన్నవారిలో ఉపవాసం బిలిరుబిన్‌ను రెండు మూడు రెట్లు పెంచగలదు. అనవసరమైన స్కానింగులకు, నిద్రలేని రాత్రులకు అదే కారణమవుతుంది.

షుగరు సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. దీర్ఘ ఉపవాసం తర్వాత పరగడుపు అంకె తక్కువగా వచ్చి, లేని ధీమా కలిగించవచ్చు. గ్లూకోజు తాగించి చూసే పరీక్షలో మాత్రం ఇందుకు విరుద్ధంగా, కొద్ది రోజులు అన్నం తగ్గించినవారికి అంకె ఎక్కువగా వస్తుంది. అందుకే దానికి ముందు మూడు రోజులు రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థం తినమంటారు. అక్కయ్య వేసుకునే గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర ఖాళీ కడుపుతో వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది కాబట్టి, పరీక్ష మాట అటుంచి, ఏకాదశికి ముందే మాత్ర విషయం డాక్టరుగారిని అడగండి.

పారణ తర్వాత వారం రోజులు ఆమె మామూలుగా భోంచేయనివ్వు. పరీక్ష ముందు రాత్రి 8 గంటలకు తేలికైన భోజనం పెట్టి, ఉదయం 7 గంటలకు రక్తం తీయించు; మంచినీళ్లు తాగవచ్చు, కాఫీ మాత్రం వద్దు. ఇంటికి వచ్చి రక్తం తీసుకునే కుర్రవాడు ఇక్కడి ట్రాఫిక్‌లో చిక్కుకుని 10 గంటలకు వస్తే 14 గంటలు అయిపోతుంది. అలాంటప్పుడు ఆమెకు టిఫిను పెట్టి, పరీక్ష మర్నాటికి మార్చు. చివరిసారి తిన్న వేళను ఫారం మీద రాయించు. గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షకు పరగడుపు అవసరమే లేదు.

పాత రిపోర్టులు తీసి ఉంచు. ఆదివారం వచ్చి చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య