నా మెథడ్ మీద పెట్టిన ఫోర్స్‌ఇన్‌లైన్‌ను జేవీఎం ఎందుకు పట్టించుకోవడం లేదు?

జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) లోపల వాడే ఫోర్స్‌ఇన్‌లైన్ అనొటేషన్‌ను, అంటే మెథడ్‌ను పిలిచిన చోటే దాని కోడ్‌ను అతికించమని (ఇన్‌లైన్ చేయమని) జావా ప్రోగ్రాములను నడిపే జేవీఎంకు చెప్పే గుర్తును, మీ మెథడ్ మీద పెట్టారు, క్లాస్ ఫైల్‌లో అది కనిపిస్తోంది, అయినా వేగం మారలేదు అని అడిగారు. నేనూ సరిగ్గా ఇదే చేసి రెండు రోజులు పోగొట్టుకున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

హాట్‌స్పాట్ (మనం మామూలుగా వాడే జేవీఎం) ఆ అనొటేషన్‌ను బూట్ లేదా ప్లాట్‌ఫామ్ క్లాస్‌లోడర్ తెచ్చిన క్లాసుల్లో, అంటే జావా సొంత క్లాసుల్లో, ఉంటేనే లెక్కలోకి తీసుకుంటుంది. మన అప్లికేషన్ క్లాసులో ఉంటే చదివి వదిలేస్తుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ కూడా రాదు. నాకు చిరాకు తెప్పించింది ఈ మౌనమే.

చివరికి జేవీఎం డయాగ్నస్టిక్ ఆప్షన్లు తెరిచి, ఏ మెథడ్ ఇన్‌లైన్ అయిందో, కాకపోతే ఎందుకో చూపే ప్రింట్‌ఇన్‌లైనింగ్ ఆన్ చేశాను. నా పార్సర్ మెథడ్ పక్కన 'హాట్ మెథడ్ టూ బిగ్' (తరచుగా నడిచే మెథడ్, కానీ మరీ పెద్దది) అని ఉంది, సైజు 341 బైట్లు. ఇన్‌లైన్ కావడానికి తరచుగా నడిచే మెథడ్‌కు మామూలు హద్దు 325 బైట్లు, మిగతావాటికి 35. ఇక్కడ కొలిచేది బైట్‌కోడ్‌ను (కంపైలర్ జేవీఎం కోసం తయారుచేసే కోడ్‌ను), మన సోర్స్ లైన్లను కాదు. ఆపేసి ఉన్న అసర్ట్‌లు (షరతు నిజమేనా అని చూసే తనిఖీలు) కూడా ఈ లెక్కలోకి వస్తాయి, ఎందుకంటే వాటి బైట్‌కోడ్ మెథడ్‌లోనే ఉంటుంది. నా మెథడ్‌లో అసర్ట్‌లు మూడు, ఎప్పుడో గాని రాని ఎర్రర్ మెసేజ్ కట్టే కోడ్ కొంత ఉన్నాయి. ఎర్రర్ భాగాన్ని వేరే మెథడ్‌లోకి తీశాను. అంతే, ఇన్‌లైన్ అయిపోయింది.

మరి క్లాస్ ఫైల్‌లో ఉండే ఇలాంటి గుర్తుల్ని (మెటాడేటాను) జేవీఎం అసలు నమ్మదా అంటే, నమ్ముతుంది, కానీ హామీ ఉన్నచోటే. మామూలు క్లాసులో ఫైనల్ ఫీల్డ్‌ను రిఫ్లెక్షన్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగా క్లాసు లోపలి భాగాల్ని అందుకునే సౌకర్యంతో) మార్చే వీలుంది, కాబట్టి దాని విలువను స్థిరమని అనుకోదు. రికార్డ్ (మారని డేటాను దాచే ప్రత్యేక రకం క్లాసు) ఫీల్డ్‌ను అలా మార్చలేం. అందుకే క్లాస్ ఫైల్‌లో రికార్డ్ అట్రిబ్యూట్ కనిపిస్తే, ఆ ఆబ్జెక్ట్ స్టాటిక్ ఫైనల్‌లో ఉన్నప్పుడు, లోపలి విలువల్ని కూడా కాన్‌స్టెంట్లుగా (మారని విలువలుగా) తీసుకుంటుంది. జావా 16 లేదా ఆ తర్వాతి వెర్షన్‌లో ఉంటే మీ కాన్ఫిగరేషన్ క్లాసును రికార్డ్‌గా మార్చి చూడండి, నాకు అది బాగా నచ్చిన పద్ధతి.

జేవీఎంకు ఇచ్చే కంపైల్‌కమాండ్ ఆప్షన్‌లో 'ఇన్‌లైన్' అని మెథడ్ పేరు ఇచ్చి బలవంతంగానూ చేయించవచ్చు. ప్రయోగానికి అది వాడండి. ప్రొడక్షన్‌లో మాత్రం వద్దంటాను, రేపు ఎవరైనా మెథడ్ పేరు మారిస్తే ఆ లైన్ పనిచేయడం మానేసిన సంగతి ఎవరికీ తెలియదు. ముందు ప్రింట్‌ఇన్‌లైనింగ్‌లో మీ మెథడ్ పక్కన ఏం రాసి ఉందో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.